దూలం లేని చోటు

కిందటి వారం మనం ప్రమీలమ్మను నిచ్చెన సగంలో వదిలేసి వచ్చాం. ఆమె ముందు ఎక్కుతోంది, వెనక అల్లుడు లోకేష్. పుంగనూరులో వాళ్ళది పాత పెంకుటిల్లు. ఉగాది వెళ్ళినప్పటి నుంచి ఆమె ఆ ఇంటి అటకను గదిగా మార్పిస్తూ ఉంది. కానుపుకు రాబోతున్న కూతురు పావని కోసం. ఆ పిల్లకిప్పుడు ఏడో నెల. లోకేష్ మాత్రం గది చూడ్డానికి రాలేదు. కుప్పం నుంచి తొలి బస్సుకే బయలుదేరి, చెప్పాపెట్టకుండా వచ్చి, అరుగు అంచున కూర్చొని, "అత్తా, నీకొక మాట సెప్పాలని వచ్చినా" అన్నాడు. ఆ మాటను ఆమె బయటికి రానిస్తే కదా. చూపించుకోవాలని ఆత్రపడే మనిషికి ఎదుటివాళ్ళ ముఖం కనిపించదు. "మాట యాడికి పోతాది నాయనా, ముందు గది సూద్దువు రా" అని లేవదీసింది.

ఎన్నో ఏళ్ళుగా చింతపండు బుట్టలూ, రాగుల మూటలూ, విరిగిన కుర్చీలూ, ఎలుకలూ కలిసి కాపురం చేసిన చోటు అది. ఇప్పుడు చూస్తే గోడలకు లేత నీలం రంగు. బిడ్డ కాలికి పేడు గుచ్చుకోకూడదని పాత పలకల మీద సిమెంటు పోయించి తెల్ల బండలు పరిపించింది. చివరి గోడకు చిన్న కిటికీ పెట్టించింది, దాని రెక్కలు ఇంకా బిగించాలి. నడిమధ్యన మంచం, దాని మీద ఉతికిన దుప్పటి. తలగడ పక్కన పాత చీరల మెత్తటి ముక్కలతో కుట్టిన బుల్లి బొంత ఒకటి మడతపెట్టి ఉంది. దాన్ని చూడగానే లోకేష్ ముఖం తిప్పుకున్నాడు. ప్రమీలమ్మ అది గమనించలేదు.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని మార్చి చూడమని ఎవరూ అనలేదు. అనుంటే ఈమెకు కాస్త భయం ఉండేదేమో. మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరిన చేతులు ఆమెవి. మొగుడు కృష్ణప్పకు ఆర్టీసీలో డ్రైవరు ఉద్యోగం వచ్చాకే సొంతిల్లనే మాట నోటికి వచ్చింది. ఆ ఇంట్లో ఒక గదిని తానే తలపెట్టి, తానే నిలబడి చేయించడం ఇదే మొదలు. మురిసిపోతూ ఉంది పాపం.

"ఎట్లుండాది?" అని అడిగింది.

లోకేష్ తలెత్తి పైకప్పు వంక చూస్తూ ఉన్నాడు, ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరికి.

"తిన్నింటి వాసాలు లెక్కబెట్టేవాళ్ళను సూసినా గానీ, నోట్లో కాఫీ సుక్క పడకముందే లెక్కబెట్టే అల్లుణ్ణి ఇప్పుడే సూస్తాండా" అని నవ్వింది ప్రమీలమ్మ.

అతను నవ్వలేదు. బెంగళూరులో అపార్టుమెంట్లు కట్టే చోట సైటు ఇంజనీరు అతను. కుప్పంలో పొద్దున రైలెక్కి పోయి, దీపాలు పెట్టాక తిరిగొచ్చే మనిషి. పైకప్పు చూడ్డం అతనికి అలవాటేనని ఆమె సరిపెట్టుకుంది.

"అత్తా, ఈడ ఒక దూలముండాల. ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా. పెండ్లప్పుడు సామాన్లు దించుతా నా నొసలు కొట్టుకునింది దానికే. అది యాడ?"

"ఓ, అదా. తీసేపించినా."

"తీసేపించినావా?"

"లేకుంటే? నొసలెత్తున అడ్డంగా ఉండె. కడుపుతో ఉండే పిల్ల ఎన్నిసార్లని వంగి దాని కింద దూరతాది? ఇప్పుడు సూడు. మంచం మీద పడుకొని పైకి సూస్తే ఒక్క దూలం కనబడదు. వాసాలు, పెంకులు, అంతే."

రెండు గోడల్లోనూ కోసిన దూలం మొదళ్ళు పిడికెడంత బయటికి పొడుచుకొని ఉన్నాయి. వాటికి కూడా నీలం రంగే వేయించింది. ఒకదానికి మేకు కొట్టి పసుపు కుంకాల సంచి తగిలించింది. లోకేష్ పోయి ఆ మొదలును చేత్తో తడిమాడు. గోడకూ దానికీ మధ్య అతని వేలు దూరింది.

"వెలుతురు గూడా బాగుండాది, సూసినావా?" ఆమె మంచం మీద పడుతున్న సన్నటి ఎండ చారను చూపించింది. నడికప్పులో రెండు పెంకుల మధ్య నుంచి దిగుతోంది ఆ చార. "మొన్నటిదాకా లేకుండె, ఈ నడుమే వస్తాండాది."

"మొన్నటిదాకా లేకుండె" అని ఆ మాటనే మెల్లగా తిరిగి అన్నాడు లోకేష్. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అల్లుడు ఆమె చెయ్యి పట్టుకున్నది ఎప్పుడూ లేదు. తలుపు చాటు నుంచి మాట్లాడ్డమే ఆమెకు అలవాటు. "దిగుదాం అత్తా. నడిమిట్లో నడవద్దు. గోడ వారగా రా, మెల్లగా."

అప్పుడు కూడా ప్రమీలమ్మకు భయం వేయలేదు. సిగ్గు వేసింది, అంతే.

కిందికి దిగాక అతను పూలు కట్టే దారం అడిగాడు, తలుపు తాళం అడిగాడు. దారానికి తాళం కట్టుకొని ఇంటి పక్క సందులోకి పోయి, నిచ్చెన వేసుకొని ఎక్కి, గోడ పైఅంచుకు దారం ఆనించి తాళాన్ని వదిలాడు. తాళం కాసేపు ఊగి నిలబడింది. పైన గోడను ముట్టుకున్న దారం, కింద గోడకు దూరంగా ఉంది. ఆ ఎడంలో మూడు వేళ్ళు పెట్టి చూపించాడు.

"సూసినావా అత్తా? గోడ పైన బయటికి పోయుండాది."

"పాత గోడ గదా నాయనా, మొదట్నుంచి అట్లే ఉందేమో."

"మొదట్నుంచి ఉంటే సున్నం మీద ఈ బీట కొత్తగా యాల వస్తాది?" గోడ మూల నుంచి పైకి పాకిన పగులును గోటితో గీరాడు. లోపలి మట్టి ఎర్రగా, తాజాగా ఉంది. "రంగులేసేవాళ్ళ రెండు కాళ్ళ నిచ్చెన సూసినావు గదా. రెండు కాళ్ళకూ నడుమ తాడు కట్టుంటాది. ఆ తాడు మనిషిని మొయ్యదు. కాళ్ళు జారిపోకుండా పట్టుకుంటాది, అంతే. దాన్ని కోసేస్తే ఏమయితాది?"

"కాళ్ళు సెరొక పక్కకు పోతాయి."

"ఆ దూలం ఆ తాడు మాదిరే. పైన ఇన్ని పెంకుల బరువు వాసాల మీదుగా దిగి గోడల్ని బయటికి తోస్తా ఉంటాది, ఎప్పుడూ. ఇన్నేండ్లు ఆ గోడని, ఈ గోడని పట్టుకొని నిలబడింది ఆ దూలమే. నువ్వేమో దాన్ని తీసి, కింద పలకల మీద సిమెంటు, బండలు పెట్టినావు. అవి రాగుల మూటలు మోసే పలకలు అత్తా. వాటి మీద మంచం, మనుషులు, ఇంత బండల బరువు." అతను పైకప్పు వంక చూశాడు. "ఒక్క ఈదురుగాలి వస్తే చాలు."

కొండ వైపు మబ్బు పట్టి ఉన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఎండాకాలపు వాన ముందు గాలి ఎట్లా ఉంటుందో ఆ ఊరివాళ్ళకు ఒకరు చెప్పాలా.

సరిగ్గా అప్పుడే వడ్రంగి అంజినప్ప సంచీ భుజాన వేసుకొని సందు మలుపు తిరిగాడు, కిటికీ రెక్కలు బిగించడానికి. నిచ్చెన మీద అల్లుణ్ణి చూసి ముఖం విప్పార్చుకున్నాడు.

"వచ్చినారా సార్? మంచిపనాయ. మీరే ఒకతూరి కండ్లారా సూస్తే నాకు మనసు నిమ్మళం. దూలం తీసినప్పట్నుంచి నాకు అన్నం సయించడంలేదు."

"నువ్వేనా కోసింది, అన్నా?"

"నేనే సార్. మీరు సెప్పినట్టే, గోడలు కదలకుండా రంపంతో మెల్లగా కోసినా."

లోకేష్ నిచ్చెన దిగాడు. "నేను సెప్పినట్టా?"

అంజినప్ప అతన్ని చూశాడు, ప్రమీలమ్మను చూశాడు. ఎక్కడో ఏదో తేడా కొట్టిందని తెలుస్తూనే ఉంది గానీ నోటి నుంచి జారిన మాటను ఎట్లా మింగుతాడు.

"మీరే గదా సార్ తియ్యమనింది? నేను అక్కకు సెప్పినా. అది పట్టి నిలబెట్టే దూలమక్కా, ముట్టుకోగూడదు అని నోరు నొప్పెట్టేదాకా సెప్పినా. మా అల్లుడు ఇంజనీరు, ఫోన్లో అంతా సూసినాడు, ఆయనే తియ్యమన్నాడు అనె. ఆయనకంటే నువ్వు ఎక్కువ సదివినావా అనె. ఇంక నేను ఏం మాట్లాడేది?"

ప్రమీలమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. అబద్ధం ఆడడం తెలియని మనిషి అబద్ధమాడితే ఇట్లాగే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇద్దరూ ఎదురుపడతారన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

లోకేష్ అరవలేదు. "అన్నా, సెంట్రింగు పనివాళ్ళ దగ్గర ఇనుప జాకీలు దొరుకుతాయి. ఆటోలో వేయించుకొని ఆలస్యం సేయకుండా బిన్నా రా. లోపల నుంచి ఊతంగా పోటీ పెడదాం. గోడలు పట్టుకోడానికి లావు తాడు గూడా తీసుకురా. అంతవరకు ఎవరూ లోపలికి పోవద్దు" అన్నాడు. అంజినప్ప సంచీ అక్కడే దించి, "సేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టాయ గదక్కా" అని గొణుక్కుంటూ వెనుదిరిగాడు.

అరుగు మీద అత్తా అల్లుడూ మిగిలారు. ఇంటి గోడకు ఆనుకొని కూర్చోవడానికి కూడా ఇప్పుడు భయమే. అరుగు అంచుకు జరిగి కూర్చున్నారు.

"నేను తియ్యమంటినా అత్తా?"

"లేదు."

"మరి నా పేరు యాల సెప్పినావు?"

"నా మాట ఎవురు వింటారు నాయనా. నీ పేరు సెప్తే విన్నాడు."

"ఒక్క ఫోను చేసి అడిగుండొచ్చు గదా. నేను వద్దంటానని భయమా?"

"వద్దంటావని తెలిసే అడగలేదు." ఆమె తలెత్తింది. మొదలుపెట్టాక ఇంక ఆగలేకపోయింది. "నువ్వు సదువుకున్నోడివి, దూలం కింద పడుకుంటే ఏమీ కాదంటావు. మీ అమ్మ ఏమనె? మదనపల్లె ఆస్పత్రి వరండాలో, అంతమంది ముందర, మీ అమ్మ ఏమనె? బిడ్డను దూలం కింద పండబెట్టినారు, ఇంక నిలుస్తాదా అనె. నువ్వు పక్కనే ఉండావు. విన్నావు గదా?"

లోకేష్ విన్నాడు. ఆ మాట అన్నది అతని తల్లి వెంకటలక్ష్మమ్మ. రెండేళ్ళ కిందట పావని తొలిచూలు. పుట్టింటికి కానుపుకు వచ్చిన మొదటి రాత్రి నడింట్లో మంచం వేసి పడుకోబెట్టింది ప్రమీలమ్మ, ఫ్యాను అక్కడే ఉంది కాబట్టి. తెల్లారి మదనపల్లెకు తీసుకుపోయేసరికి లోపలి బిడ్డలో చలనం లేదు. మగబిడ్డ. వాడిని చూసింది ప్రమీలమ్మ ఒక్కతే. పావనికి చూపించలేదు.

"ఆ పొద్దు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. పడుకుంటే దూలం, లేస్తే దూలం. ఇంట్లో ప్రతి మూల మంచం వేసి పడుకొని సూసినా. వంటింట్లో దూలం, నడింట్లో దూలం, వాకిలి పక్కన గూడా దూలమే. అటకను మోసేవి గదా, అన్ని సోట్లా ఉంటాయి. నా బిడ్డను ఎక్కడ పండబెట్టేది? అటకెక్కి సూస్తే అక్కడ ఒక్కటే ఉండె. అది తీసేస్తే ఇంటి మొత్తం మీద దూలం లేని సోటు అదొక్కటే." ప్రమీలమ్మ కళ్ళు తుడుచుకోలేదు. "మొదటి కానుపు పుట్టింట్లో అంటారు. మొదటిది నిలవలేదు గాబట్టి ఇదే మొదటిదని మీ అమ్మ కాళ్ళ మీద పడినంత పని చేసి ఒప్పించుకున్నా. ఒక్కసారి ఈ ఇంట్లో నా బిడ్డ తన బిడ్డను ఎత్తుకోవాల. మళ్ళీ ఎవురూ నన్ను ఆ మాట అనగూడదు. అంతకంటే నాకేం వద్దు."

లోకేష్ రెండు చేతుల మధ్య తల పెట్టుకున్నాడు.

"అత్తా, ఆ దూలానికీ దానికీ ఏం సంబంధం లేదు."

"నీకేం తెలుసు?"

"నాకు తెలుసు. మీ ఇంటికి రాకముందే..." అని ఆగిపోయాడు.

నోరు జారడం ఆ పొద్దు ఇది రెండోసారి. వడ్రంగి జారితే ఆమె అబద్ధం బయటపడింది. ఇతను జారితే ఏం బయటపడబోతోందో ప్రమీలమ్మకు ఇంకా తెలియదు.

"రాకముందే ఏమి?"

అతను అరుగు మీది దుమ్మును చేత్తో తుడిచాడు.

"రాకముందే ఏమి నాయనా? సెప్పు. నీ పేరున అబద్ధం యాల సెప్పినావని నన్ను అడిగితివి గదా. నేను దాచకుండా సెప్పినా. నువ్వు గూడా సెప్పు."

"రాకముందు రోజే పావనికి బిడ్డ మెదలడం తెలీలేదు." చాలా మెల్లగా అన్నాడు. "కుప్పంలోనే. పొద్దున్నుంచి ఏమీ తెలీడంలేదు, ఆస్పత్రికి పోదామా అని అడిగింది. ఆ పొద్దు సైటులో స్లాబు వేసేది ఉండె. నేను పోకపోతే కాదు. రేపు ఎట్లాగూ మీ అమ్మ ఇంటికి పోతాండావు గదా, ఆడి నుంచి మదనపల్లె దగ్గర, ఆడ సూపించుకుందువులే అన్నా. నిద్రపోతాంటాడులే అన్నా. నవ్వినా గూడా." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి సెప్పింది. నిన్నో మొన్నో ఆగిపోయిందని. మీ ఇంటి గడప తొక్కకముందే అత్తా. వరండాలోకి వస్తే మా అమ్మ ఆ మాట అంటాండాది. నేను నోరు తెరవలేదు."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్తూ గంట కొట్టారు. ప్రమీలమ్మకు అది వినబడింది గానీ ఏమిటో అర్థం కాలేదు. అల్లుడి మీద కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దాని వెనకాలే ఇంకొకటి వచ్చి కోపాన్ని పక్కకు నెట్టేసింది.

"పావనికి తెలుసా?"

"తెలుసు."

"డాక్టరమ్మ సెప్పింది గూడా తెలుసా?"

"తెలుసు అత్తా. నేనే సెప్పినా. నా మీద మాట రాకూడదని, మా అమ్మ వాళ్ళకు సెప్పొద్దు అనింది పావని."

ఆ ఒక్క మాటకు ప్రమీలమ్మ గుండె పగిలింది. ఇంతకంటే మెత్తగా చెప్పడానికి నాకు చేతకాదు. ఈ రెండేళ్ళలో కూతురు వచ్చినప్పుడల్లా నడింట్లో పడుకోకుండా వంటింట్లో చాప వేసుకునేది. బిడ్డకు ఆ నడింటి దూలమంటే భయం పట్టుకుందని తల్లి కుమిలిపోయేది. ఒకసారి ఆ చాప పక్కనే కూర్చొని, "నావల్లే గదమ్మా, నేనే నిన్ను ఆడ పండబెట్టినా" అని బావురుమంది. పావని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాదమ్మా అని ఒక్క మాట అనలేదు. పట్టుకున్న ఆ చేతిని తలుచుకొని ఇన్నాళ్ళూ ఓదార్పు పొందింది ప్రమీలమ్మ. మొగుడి మీద మాట రాకుండా నన్ను అడ్డం పెట్టుకునిందా నా బిడ్డ, అనుకుంది. నేను పెంచిన బిడ్డే.

"దూలం పాయ. ఇల్లు పాయ. అంతా ఏమీ లేనిదానికి" అంది చివరికి.

"ఇల్లు పోదు అత్తా. పోటీ పెట్టి, పెంకులు దించి, ఇనుప కమ్మీతో ఆ గోడని ఈ గోడని మళ్ళీ కట్టొచ్చు. నేను దగ్గరుండి సేయిస్తా. పైన ఆ బండలన్నీ తీసేయాల. కొన్నాళ్ళు మీరిద్దరూ యాడన్నా బాడుగకు ఉండాల."

"అంతవరకు నా బిడ్డ కానుపు యాడ?"

లోకేష్ అరుగు దిగి, మళ్ళీ ఎక్కి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అత్తా, నేను పొద్దున వచ్చింది దాని గురించే. నీకు ఒక మాట సెప్పాల అంటి గదా. అది ఇది కాదు. ఇంకొకటి..."

ప్రమీలమ్మ ఒడిలో ఫోను మోగింది. కృష్ణప్ప.

"ఏమే, అమ్మాయి నా బండిలోనే ఉండాది" అన్నాడు, వెనక బస్టాండు గోల. "కుప్పంలో స్టీరింగు పక్కకు వచ్చి నిలబడె. పుంగనూరుకు ఒక టికెట్టు నాయనా అని నవ్వతా. నాకు పేణం లేచొచ్చినట్టాయ. ఇప్పుడు పలమనేరులో టీకి దిగినాం. ఏమన్నా తినమ్మా అంటే వద్దంటాది, అమ్మ సేతిది తింటానంటాది. గదిలో పక్క వేసిపెట్టు. బండి తీయాల, ఉంటా."

ఆమె "ఏమండీ" అనేలోపు ఫోను పెట్టేశాడు.

"వస్తాండాదంట" అని చెప్పింది అల్లుడికి. "నేను మాట్లాడి వచ్చేదాకా ఇంట్లోనే ఉండమంటిని గదా" అన్నాడు తనలో తాను. అప్పుడే అంజినప్ప ఆటో నిండా జాకీలతో సందులోకి తిరిగాడు. లోకేష్ లేచి పరిగెత్తాడు. చెప్పాల్సిన మాట మళ్ళీ నోట్లోనే మిగిలిపోయింది.

తర్వాత ఇంట్లో నుంచి ఇనుము ఇనుముకు తగిలే చప్పుళ్ళు, "ఆడ కాదన్నా, దూలం కింద పెట్టు, దూలం కింద" అని లోకేష్ కేకలు. ప్రమీలమ్మ అరుగు మీదే ఉంది. బిడ్డ వస్తోంది. ఎన్ని నెలలుగా ఎదురు చూసిన రాక. వాకిట్లో దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలపాలి. నీళ్ళు లోపల ఉన్నాయి, పసుపు సున్నం లోపల ఉన్నాయి, పొద్దున వండిన సంగటి, ఊరుబిండి పచ్చడి లోపల ఉన్నాయి. వేటికోసం పోవడానికీ లేదు. గాలి మొదలై వీధిలో దుమ్ము లేచింది. ఇంటి మీద ఎక్కడో ఒక పెంకు టక్కుమంది.

బస్టాండు నుంచి ఇంకో ఆటో వచ్చి ఆగింది. పావని ఒక చేత్తో నడుము పట్టుకొని, ఇంకో చేత్తో బుట్ట పట్టుకొని దిగింది. అలిసిపోయి ఉంది. కళ్ళ కింద నల్లబడింది. అయినా తల్లిని చూడగానే ముఖం వెలిగింది.

"గది సూపిస్తావా, ముందు అన్నం పెడతావా?" అంటూ మెట్టెక్కబోయింది.

ప్రమీలమ్మ లేచి గడప ముందు నిలబడింది. రెండు చేతులూ చాచి వాకిలి కమ్ములను పట్టుకుంది. కానుపుకు వచ్చిన కూతురికి ఏ తల్లీ చెప్పని మాట అది. ఆమె చెప్పింది.

"లోపలికి రావద్దు పావనీ."

పావని ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉండగా ఆగిపోయింది. తల్లి ముఖంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు, బిగిసిన పెదవులు. ఇల్లు కూలబోతోందని ఆ పిల్లకు తెలియదు కదా. ఆటో చప్పుడు విని ఇంటి పక్క సందులోంచి లోకేష్ బయటికి వచ్చాడు, చొక్కా నిండా సున్నం, చేతిలో దారం, దారానికి వేలాడుతూ తలుపు తాళం. మొగుణ్ణి చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. ముఖంలో ఉన్న వెలుగంతా పోయింది. బుట్టను మెల్లగా నేల మీద పెట్టింది.

"సెప్పేసినాడా అమ్మా?" అంది.

ప్రమీలమ్మ తల ఊపింది.

పావని మెట్టు మీది నుంచి కాలు తీసేసింది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని, అడగడానికి భయపడుతున్నట్టు, చిన్నగా అడిగింది.

"అప్పటి సంగతేనా? ఈసారి సంగతి గూడా సెప్పేసినాడా?"

ప్రమీలమ్మ చేతులు వాకిలి కమ్ముల మీద నుంచి జారిపోయాయి. పొద్దున్నుంచి అతని నోట్లోనే మిగిలిపోయిన ఆ మాట కోసం ఆమె అల్లుడి వైపు తిరిగింది. లోకేష్ చేతిలోని దారం వంకే చూస్తున్నాడు, తల ఎత్తడంలేదు.